కృష్ణా డెల్టాలో ఇంగ్లీషు అచ్చులు

ఇంగ్లీషు అక్షరమాలలో అచ్చుల కోసం ఉన్న అక్షరాలు 5. నోట పలికే అచ్చులు అంతకు నాలుగు రెట్లు. దక్షిణ ఇంగ్లండులోని చదువుకున్నవారి ఉచ్చారణను ప్రమాణంగా తీసుకుని ధ్వనిశాస్త్రజ్ఞులు లెక్కగట్టినప్పుడు 20 అచ్చులు తేలాయి: ఒంటి అచ్చులు 12, ఒకదానిలోంచి మరొకదానిలోకి జారే జంట అచ్చులు 8. హల్లు పలికేటప్పుడు నాలుకో పెదవో ఎక్కడో ఒకచోట తగులుతుంది, లేదా దాదాపు తగిలినట్టు దగ్గరపడుతుంది. కాబట్టి ఆ చోటు చూపించి నేర్పవచ్చు. అచ్చుకు అలాంటి ఆనవాలు లేదు. నాలుక ఎంత ఎత్తున ఉంది, ముందుకు ఉందా వెనక్కి ఉందా, పెదవులు గుండ్రంగా ఉన్నాయా, ఊపిరి ఎంతసేపు సాగింది అన్నదాన్నిబట్టే దాని రూపం. అందుకే పరభాష నేర్చుకునేవారికి అన్నిటికన్నా ముందు తప్పిపోయేది అచ్చు. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతం ఇంగ్లీషు మాటను నాలుగు వందల ఏళ్ల కిందటే విన్నది. అక్కడి వాడుకలో నిలిచిపోయిన ఇంగ్లీషు మాటలను వరసగా చూస్తే, ఏ అచ్చు చెవిన పడి వచ్చిందో, ఏది కాగితం మీద కనబడి వచ్చిందో చాలావరకు పోల్చుకోవచ్చు.

అచ్చును గుర్తించి రాయడం ఈ నేలకు కొత్త సంగతి కాదు. తెనాలి నుంచి రేపల్లెకు 1916లో పడ్డ రైలు మార్గంలో భట్టిప్రోలు ఒక స్టేషను. అక్కడి బౌద్ధ స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపి, ధాతువులున్న రాతి కరండాలను వెలికి తీశాడు. వాటి మీది ప్రాకృత శాసనాలను గేయార్గ్ బ్యూలర్ చదివి 1894లో ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించాడు. ఆ లిపిలో ఆయనను ఆకట్టుకున్న విశేషం అచ్చుల గుర్తు. అశోకుడి బ్రాహ్మీలో ఏ గుర్తూ లేని హల్లును ‘అ’తో కలిపే చదవాలి. ‘క’ అని రాయడానికి గీత అక్కర్లేదు, ‘కా’ అనడానికి తల దగ్గర కుడివైపుకు ఒక అడ్డగీత చాలు. భట్టిప్రోలు లేఖకులు ఈ ఏర్పాటును మార్చారు. వాళ్ల లిపిలో గుర్తు లేని హల్లు ఉత్త హల్లే. అశోక లిపిలో ‘ఆ’ను చూపే అడ్డగీతను వాళ్లు ‘అ’కు వాడారు, ‘ఆ’ కోసం ఆ గీతకు ఒక వంపు చేర్చి కొత్త గుర్తు చేసుకున్నారు. అంటే అచ్చు పలికినచోటల్లా అచ్చుకు గుర్తు ఉండి తీరాలన్న నియమం అది. క్రీస్తుకు పూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటి పని.

భట్టిప్రోలు లిపిని తెలుగు లిపికి తల్లిగా చెప్పుకోవడం ఈ ప్రాంతంలో వాడుక. అచ్చుల విషయంలో మాత్రం ఆ వారసత్వం నేరుగా సాగలేదు. తర్వాతి అమరావతి, నాగార్జునకొండ శాసనాలు మామూలు బ్రాహ్మీ పద్ధతిలోనే ఉన్నాయి, తెలుగు లిపి పుట్టింది ఆ దారిలోనే. ఈనాటి ‘క’ మీది తలకట్టు భట్టిప్రోలు అడ్డగీత కాదు. ఇంత చెప్పినా, హల్లును ఒకటిగా, దానిమీద పలికే అచ్చును వేరొకటిగా విడదీసి చూసిన బుద్ధి ఆ ఊళ్లో రెండువేల ఏళ్ల కిందటే రాతికెక్కింది. ఇది చిన్న విషయం కాదు.

తెలుగు పిల్లలు అచ్చును నేర్చుకునేది గుణింతంలో. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, కొమ్ముదీర్ఘం, ఎత్వం, ఏత్వం అంటూ ఒక్కో గుర్తుకు ఒక్కో ధ్వని. గుర్తు మారితే ధ్వని మారుతుంది, గుర్తు మారకపోతే ధ్వని మారదు. తొలినాటి శాసనాల్లో ఎ-ఏ, ఒ-ఓ తేడాలను లేఖకులు నిలకడగా చూపలేదు. ఆ లోటు కూడా క్రమంగా తీరింది. పొట్టి అచ్చు లఘువు, నిడుద అచ్చు గురువు అని పద్యం నేర్పిన చెవికి నిడివి భేదం ఎప్పుడూ పదునుగా వినిపిస్తుంది. ఓడను చెప్పే ‘షిప్’, గొర్రెను చెప్పే ‘షీప్’ వేరుచేయడానికి ఎన్నో దేశాల విద్యార్థులు ఏళ్ల తరబడి తంటాలు పడతారు. తెలుగువారికి ఇ, ఈ రెండూ పుట్టుకతో వచ్చినవే. ‘ఫుల్’, ‘ఫూల్’ సంగతీ అంతే. ఇంగ్లీషులో ఆ జంటలకు నిడివితో పాటు నాలుక బిగువులోనూ తేడా ఉంది. పైగా తర్వాత వచ్చే హల్లును బట్టి నిడివి మారుతుంది: ‘సీడ్’లోని ఈకారంకన్నా ‘సీట్’లోని ఈకారం పొట్టిది. తెలుగు నోట రెండూ ఒకే కొలతకు వస్తాయి. అయినా మాట అర్థం చెడదు.

ఇంగ్లీషువారు ఈ తీరానికి వచ్చింది 1611లో. ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ ఆంథొనీ హిపన్ నాయకత్వంలో రేపల్లెకు నైరుతిన ఉన్న నిజాంపట్నంలో ఆగి, తర్వాత మచిలీపట్నం చేరింది. రెండుచోట్లా వర్తక స్థావరాలు వెలిశాయి. లండన్‌లో కింగ్ జేమ్స్ బైబిలు అచ్చయిన సంవత్సరమూ అదే. ఆ నావికులు మాట్లాడిన ఇంగ్లీషు ఇప్పుడు బడిలో నేర్పే ఇంగ్లీషు కాదు. 15వ శతాబ్దం నుంచి మూడు వందల ఏళ్లపాటు ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ ఒక్కొక్క మెట్టు పైకి జరుగుతూ వచ్చాయి. పైన చోటులేనివి విడిపోయి జంట అచ్చులయ్యాయి. ‘హౌస్’ ఒకప్పుడు ‘హూస్’. ‘టైమ్’లో ఒకప్పుడు ఈకారం, ‘నేమ్’లో ఒకప్పుడు ఆకారం ఉండేవి. 1611 నాటికి ఆ కదలిక మధ్యలో ఉంది. సముద్రాన్ని చెప్పే ‘సీ’ అన్న మాటను అప్పటికింకా చాలామంది ఏకారానికి దగ్గరగా పలికేవారు. అయితే విలియం కాక్స్‌టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టింది 1476లో. ధ్వనులు కదులుతుండగానే స్పెల్లింగు గట్టిపడటం మొదలైంది. ఐరోపాలోని మిగతా చాలా భాషలు ఆ, ఏ, ఈ అని చదివే మూడు అక్షరాలకు ఇంగ్లీషులో ఏ, ఈ, ఐ అన్న పేర్లు రావడానికి కారణం ఇదే. స్పెల్లింగుకూ పలుకుబడికీ పొత్తు కుదరకపోవడం ఇంగ్లీషువారి అలక్ష్యం వల్ల వచ్చినది కాదు. రాత ఒక కాలంలో ఆగిపోయింది, నోరు ముందుకు వెళ్లిపోయింది.

ఇంగ్లీషు చెవికి తెలుగు అచ్చులు ఎలా వినపడ్డాయో ఊళ్ల పేర్లు చెబుతాయి. నిజాంపట్నం పాతపేరు పెద్దపల్లి. ఐరోపా వర్తకుల కాగితాల్లో అది ‘పెటపోలి’. గుంటూరును కంపెనీవారు రెండు ఓకారాక్షరాలు పక్కపక్కన పెట్టి రాశారు, అక్కడ ఊకారం భద్రంగా ఉంది. అదే ‘ఊరు’ ఏలూరు, నెల్లూరుల దగ్గరికి వచ్చేసరికి ‘ఎల్లోర్’, ‘నెల్లోర్’ అయింది. బెజవాడ నడిమి అకారం ఎగిరిపోయి ‘బెజ్వాడ’ మిగిలింది. కాకినాడ ‘కొకనాడ’ అయింది. ఉకారంతో ముగిసే పేర్లలో ఆ చివరి అచ్చు మాయమైంది. గుంటూరు, ఏలూరు, నెల్లూరు, ఒంగోలు ఇంగ్లీషులో హల్లుతోనే ఆగిపోతాయి. ఇంగ్లీషు మాట హల్లుతో ముగియగలదు కాబట్టి మాట చివర తేలికగా పలికే ‘ఉ’ ఆ చెవికి ఆనలేదు. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి, ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటకు తెలుగు నోరు అదే ‘ఉ’ను చేర్చింది.

ఇంగ్లీషు మాట పొలాల దాకా వచ్చింది కాలువల వెంట. బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టే పని 1852లో మొదలై 1855లో ముగిసింది. అక్కడి నుంచి పడమటి డెల్టాకు తవ్విన కాలువలు తెనాలి మీదుగా సాగాయి. అవి నీళ్లకే కాదు, పడవల రాకపోకలకూ దారులు. నీటిమట్టం మారేచోట పడవను ఎక్కించి దించడానికి తలుపులతో కట్టిన కట్టడానికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు డెల్టా రైతుల నోట ‘లాకు’ అయింది. దుగ్గిరాల లాకులు అంటే ఇప్పటికీ అది ఒక చోటు పేరు. లాకు, గేటు, ఓవర్సీరు, ఇంజనీరు అన్న మాటలను మొదట వాడినవారిలో చాలామంది ఇంగ్లీషు అక్షరం ముక్క ఎరగనివారు. పుస్తకం చూసి కాదు, విని అన్నారు. అందుకే ఈ మాటలు మంచి సాక్ష్యం.

‘లాకు’లో మొదటి అచ్చునే తీసుకుంటే, ఇంగ్లీషువాడు పలికినది పొట్టి అచ్చు. నోరు బాగా తెరిచి, నాలుకను వెనక్కి తీసి, పెదవులను కొద్దిగా గుండ్రంగా చేసి పలుకుతాడు. తెలుగు ‘ఒ’ దానికన్నా ఎత్తున పుడుతుంది. తెలుగు ‘అ’లో పెదవి గుండ్రం కాదు, నోరూ అంత తెరుచుకోదు. అంత తెరుచుకునేది ‘ఆ’ ఒక్కటే. తెలుగు చెవి నిడివిని వదులుకుంది, పెదవి గుండ్రాన్నీ వదులుకుంది, నోరు తెరుచుకున్న తీరును మాత్రం పట్టుకుంది. కాలేజీ, డాక్టరు, ఆఫీసు, కాఫీ, షాపు, బాక్సు అన్నీ ఇదే దారిలో వచ్చాయి. ‘హాలు’, ‘లాయరు’ వంటి మాటల్లోని నిడుద అచ్చు ఇంగ్లీషులో వేరే ధ్వని; దానికీ తెలుగులో దక్కిన చోటు ‘ఆ’యే.

తెలుగువారు ఆ పొట్టి అచ్చును నిజంగానే దీర్ఘంగా విన్నారనడానికి రుజువు ఆ అచ్చు తర్వాతి హల్లులో ఉంది. ఇంగ్లీషు మాట చివర ఉకారం చేర్చేటప్పుడు, ముందున్న అచ్చు పొట్టిదైతే తెలుగు హల్లును ఒత్తి పలుకుతుంది: బస్సు, కప్పు, పెన్ను, బిల్లు, చెక్కు, సెట్టు, బుక్కు. ముందున్నది దీర్ఘమైతే ఒత్తు రాదు: కారు, గేటు, కోటు, స్కూలు, ట్యూబు. ఈ లెక్కన ఇంగ్లీషులో పొట్టి అచ్చే ఉన్న ‘లాకు’ ‘లాక్కు’ కావాలి, ‘షాపు’ ‘షాప్పు’ కావాలి. కాలేదు. ‘బ్యాగు’ కూడా ‘బ్యాగ్గు’ కాలేదు. ‘రోడ్డు’ లాంటి మాట ఒకటీ అరా ఈ నియమానికి ఎదురు తిరుగుతుంది గాని, మొత్తం మీద అది గట్టిదే. ఎవరూ రాసిపెట్టని ఈ నియమాన్ని డెల్టాలో చదువురాని మనిషి కూడా కొత్త మాట వచ్చిన ప్రతిసారీ తడుముకోకుండా పాటిస్తాడు. చివర చేరే అచ్చుకూ ఇలాంటి క్రమమే ఉంది. చ, జ ల తర్వాత ‘ఉ’ రాదు, ‘ఇ’యో ‘ఈ’యో వస్తుంది: బెంచి, బ్రిడ్జి, వాచీ, పేజీ, కాలేజీ.

‘బ్యాగు’ మొదటి అచ్చు కథ వేరు. ఏకారానికీ ఆకారానికీ నడుమ పలికే ఆ ధ్వనికి తెలుగు లిపిలో అక్షరం లేదు. హిందీ, మరాఠీ లిపుల్లో ఇంగ్లీషు అచ్చుల కోసం నెలవంక గుర్తు ఏర్పడింది. తెలుగులో అలాంటిది స్థిరపడలేదు. లిపిలో లేనంత మాత్రాన ఆ ధ్వని తెలుగు నోటికి కొత్తది కాదు. ‘వచ్చాడు’, ‘చెప్పాడు’ అని రాసే మాటలను కృష్ణా, గుంటూరు సీమల్లో సహజంగా పలికినప్పుడు ‘చ్చ’, ‘ప్ప’ల మీద పలికేది అచ్చంగా ఆ అచ్చే. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి రాసి 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం దీన్ని వేరే అచ్చుగానే గుర్తించింది. అక్షరం లేదు కాబట్టి కొందరు ‘వచ్చాడు’ అన్నారు, కొందరు ‘వచ్చేడు’ అన్నారు. ఇంగ్లీషు మాటలకూ అచ్చంగా ఇదే జరిగింది. కోస్తా జిల్లాల పాత బోర్డుల్లో, పుస్తకాల్లో ‘బాంకు’, ‘బేంకు’ రెండూ కనిపిస్తాయి. చివరికి యకారం ఒత్తిచ్చి దీర్ఘం పెట్టిన ‘బ్యాంకు’ నిలిచింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ప్రారంభించిన ఆంధ్రా బ్యాంకు పేరు తెలుగువారు ప్రతి ఊళ్లోనూ చదివిన రూపం అదే. ‘వచ్చాడు-వచ్చేడు’, ‘బాంకు-బేంకు’ ఒకే ఇబ్బందికి రెండు ముఖాలు. ధ్వని ఉంది, గుర్తు లేదు. ‘మేనేజరు’లో ఏత్వం గెలిచింది, ‘క్యాంపు’లో యకారం గెలిచింది; ఇంగ్లీషులో రెండింటి మొదటి అచ్చూ ఒక్కటే.

మాట మొదట్లో ఎ, ఒ వచ్చినప్పుడు తెలుగు నోరు ముందు చిన్న యకారమో వకారమో పలుకుతుంది. ‘ఎక్కడ’ను ‘యెక్కడ’ అనీ, ‘ఒకటి’ని ‘వొకటి’ అనీ పాత పుస్తకాలు రాసిందీ అందుకే. ఈ అలవాటు ఇంగ్లీషు పొడి అక్షరాల మీద కూడా పడింది. ఎం, ఎన్, ఎస్‌లు ‘యం’, ‘యన్’, ‘యస్’ అయ్యాయి. సినిమా పేర్లలో ‘యన్.టి. రామారావు’, ‘యస్.వి. రంగారావు’ అని చదివిన తరాలకు అది మామూలు రాత. ‘ఓటు’ దీనికి తలకిందులు. ఇంగ్లీషులో మొదట నిజంగానే ఉన్న వకారాన్ని తెలుగు చెవి తన సొంత వకారం అనుకుని తీసేసింది. ‘ఓల్టేజి’లోనూ అదే జరిగింది.

ఇక్కడిదాకా వచ్చినవి చెవి మాటలు. కంటితో వచ్చినవి బడి ద్వారా వచ్చాయి. జర్మనీలో పుట్టి అమెరికా లూథరన్ మిషన్ తరఫున వచ్చిన సి.ఎఫ్. హేయర్ 1842లో గుంటూరు చేరాడు. మరుసటి ఏడు రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో బడి తెరిచాడు. అదే నోబుల్ కాలేజీ. గుంటూరు లూథరన్ బడి 1885లో కాలేజీ అయింది. అదే ఆంధ్ర క్రైస్తవ కళాశాలకు మూలం. బాపట్లలో అమెరికా బాప్టిస్టు మిషన్ పంతుళ్లకు శిక్షణ ఇచ్చే బడి నడిపింది. ‘ఆ’కారపు డాక్టరు, కాలేజీ ఈ అమెరికా దొరల పలుకుబడి నుంచే వచ్చాయనడం సులువు, ఎందుకంటే అమెరికాలోనూ ఆ అచ్చుకు పెదవి గుండ్రం కాదు. కాని ఇదే ఉచ్చారణ అమెరికా మిషన్ల నీడ పడని తెలుగు జిల్లాల్లోనూ, తమిళంలోనూ ఉంది. కాబట్టి ఆ ఊహ నిలవదు.

బడి తెచ్చిన మార్పు మరొకటి, దానికి తెలుగు మాటలే సాక్ష్యం. ఇంగ్లీషులో ‘గేటు’, ‘పెయింటు’ మాటలకు అచ్చు ఒక్కటే, ఏకారంలో మొదలై ఇకారం వైపు జారే జంట అచ్చు. తెలుగులో అవి రెండుగా చీలాయి. స్పెల్లింగులో ఒకే అచ్చు అక్షరం ఉన్నవి ఏత్వం తీసుకున్నాయి: గేటు, ప్లేటు, కేకు, పేపరు, స్టేషను. స్పెల్లింగులో రెండు అచ్చు అక్షరాలు పక్కపక్కన ఉన్నవి విడివిడిగా రెండు అచ్చులతో దిగాయి: పెయింటు, డ్రెయిను, ట్రెయిను, మెయిలు, క్లెయిము. రెయిలు, జెయిలు ఇంకొంచెం దగ్గరపడి రైలు, జైలు అయ్యాయి. చెవి ఒక్కటే పనిచేసి ఉంటే ఈ చీలిక వచ్చేది కాదు. ఎవరో ఒకరు, గుమాస్తానో పంతులో స్టేషను మాస్టరో, కాగితం మీద రెండు అచ్చులు చూసి రెండూ పలికారు; విన్నవారు అలాగే అందుకున్నారు. డెల్టాలో పొలంగట్టున ‘డ్రెయిను’ అనే రైతు తనకు తెలియకుండానే ఇంగ్లీషు స్పెల్లింగును పలుకుతున్నాడు. ఉత్తర సర్కారుల్లో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ తెలుగులో చేరిన పరభాషా పదాలను ఏరి 1854లో మిశ్రభాషా నిఘంటువు అచ్చువేయించాడు. ఇలాంటి మాటలను ఒక పక్కన పోగేసి చూడాలన్న ఆలోచనకు అంత వయసుంది.

కంటి చదువు ఉచ్చారణ మీద వేసిన పెద్ద ముద్రలు రెండు. మొదటిది అచ్చు తర్వాతి రకారం. దక్షిణ ఇంగ్లండులో 18వ శతాబ్దం ముగిసేసరికి ఆ రకారం రాలిపోతూ వచ్చింది. దాని స్థానంలో అచ్చు సాగింది. తెలుగువారి ఇంగ్లీషులో అది నిక్షేపంగా ఉంది: పార్కు, కోర్టు, షర్టు, నర్సు. ‘ఫస్టు’ లాంటివి అరుదు. ఈ రకారం మేలే చేసింది. తెలుగు నోట కలిసిపోయిన అచ్చులను విడిగా నిలబెట్టింది అదే. కోటుకూ కోర్టుకూ, షాపుకూ షార్పుకూ తేడా ఇప్పుడు అచ్చులో లేదు, రకారంలోనే ఉంది.

రెండో ముద్ర ఊనికకు, అంటే మాటలో ఒకచోటును మిగతావాటికన్నా గట్టిగా పలకడానికి, సంబంధించినది. ఇంగ్లీషులో ఎక్కువగా వినిపించే అచ్చుకు అక్షరమే లేదు. ధ్వనిశాస్త్రంలో దాన్ని ‘ష్వా’ అంటారు. నాలుక నోటి నడుమ విశ్రాంతిగా ఉండగా, పెదవులు కదలకుండా వచ్చే పొట్టి ధ్వని అది. 5 అచ్చు అక్షరాల్లో ఏదైనా ఊనిక లేని చోట పడితే ఆ ధ్వనిగా మారిపోగలదు. ‘ఫోటోగ్రాఫ్’ అన్న మాటలో ఊనిక మొదట ఉంటుంది. ఇంగ్లీషువాడు ‘ఫో’ను గట్టిగా పలికి, ‘టో’లోని ఓకారాన్ని దాదాపు మింగేస్తాడు. ‘ఫోటోగ్రాఫర్’ దగ్గరికి వచ్చేసరికి ఊనిక రెండో చోటికి జరుగుతుంది. అప్పుడు ‘ఫో’ నలిగిపోతుంది, ‘టో’ ‘టా’గా తెరుచుకుంటుంది, ‘గ్రా’ కుంచించుకుపోతుంది. ‘ఫోటోగ్రాఫిక్’లో ఊనిక మూడో చోటికి పోయి, అక్కడ ‘గ్ర్యా’ అని పలుకుతుంది. ఒకే కుటుంబపు మూడు మాటల్లో ఒక్క అచ్చు కూడా మూడుసార్లూ ఒకేలా నిలబడదు. తెలుగు నోట మూడింటిలోనూ ‘ఫోటోగ్రా’ చెక్కుచెదరదు. గుణింతం నేర్పిన న్యాయం అది: గుర్తు మారలేదు కాబట్టి ధ్వని మారకూడదు. తెలుగులో ఊనిక మారినంత మాత్రాన మాట అర్థం మారదు. ఏ అక్షరం కాలం ఆ అక్షరానిది. లీ లిస్కర్, భద్రిరాజు కృష్ణమూర్తి 1991లో తెలుగు పదాల ఊనిక మీద వెలువరించిన పరిశీలన శీర్షికలోనే తెలుగును ఊనిక లేని భాషగా పేర్కొన్నారు. ఇంగ్లీషు విషయం అందుకు భిన్నం. అక్కడ అచ్చు రూపాన్ని నిర్ణయించేది ఊనికే, స్పెల్లింగు కాదు. ఇంగ్లీషు అచ్చులు నేర్పేటప్పుడు ఊనికను పక్కన పెడితే ఆ పాఠం సగంలో ఆగినట్టే.

ఈ సంగతిని క్రమబద్ధంగా చెప్పే పరికరాలు ఐరోపాలో 19వ శతాబ్దం చివర సిద్ధమయ్యాయి. అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం 1886లో ఏర్పడింది. ఒక ధ్వనికి ఒక గుర్తు అన్న సూత్రం మీద అది ధ్వనిలిపిని తయారుచేసింది. గుణింతం తెలిసినవారికి ఆ సూత్రం కొత్తగా తోచదు. డేనియల్ జోన్స్ ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువు 1917లో వచ్చింది. మన దేశంలో ఈ శాస్త్రం కాలేజీ పంతుళ్లకు అందుబాటులోకి వచ్చింది 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడిన తర్వాత. 1972లో విదేశీ భాషలు కూడా దాని పేరులో చేరాయి. 2007లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అక్కడ పనిచేసిన ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు ఇతర దేశాలవారికి ఎంతవరకు అర్థమవుతుందో పరీక్షించి 1969లో పుస్తకం వెలువరించాడు. అర్థంకాకపోవడానికి ఆయన చూపిన ముఖ్య కారణాల్లో పదంలో ఊనిక తప్పడం ఒకటి. అచ్చుల నాణ్యం కొద్దిగా మారినా వినేవాడు సర్దుకుంటాడు. ఊనిక తప్పితే మాటే పోల్చుకోలేడు.

ఆ సంస్థ పరిశోధకులు చేసిన మరో పని ఇంకా విలువైనది. భారతీయుల ఇంగ్లీషుకు సొంతంగా ఒక ఉచ్చారణ ప్రమాణం ఉందని గుర్తించి, అందులో అచ్చులు 17 అని లెక్కతేల్చారు: ఒంటి అచ్చులు 11, జంట అచ్చులు 6. ‘గేటు’, ‘కోటు’ మాటల జంట అచ్చులు ఇందులో ఏ, ఓ అన్న ఒంటి దీర్ఘాలుగానే ఉంటాయి. లండన్ ఉచ్చారణతో పోల్చి తప్పులు ఏరే పద్ధతికి ఇది ఎదురు నిలిచింది. బన్సల్, జె.బి. హారిసన్ కలిసి 1972లో తెచ్చిన మాట్లాడే ఇంగ్లీషు పాఠ్యపుస్తకం, 1981లో టి. బాలసుబ్రమణియన్ రాసిన ధ్వనిశాస్త్ర పుస్తకం మన డిగ్రీ, పీజీ తరగతుల్లో ఆ విజ్ఞానాన్ని పంచాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయం నుంచి పింగళి శైలజ 2009లో భారతీయ ఇంగ్లీషు మీద వెలువరించిన గ్రంథం తెలుగువారి మాటతీరును లోపల నుంచి చూసి రాసినది.

చిన్న తరగతుల దాకా ఈ వెలుగు పూర్తిగా రాలేదు. బడిలో ఇంగ్లీషు మొదలయ్యేది నేటికీ అక్షరాల పేర్లతోనే. ‘సీ, ఏ, టీ... క్యాట్’ అని పిల్లవాడు వల్లిస్తాడు. ఆ మూడు పేర్లను ఎంత వేగంగా కలిపినా ‘క్యాట్’ రాదు. ‘క’కు గుడిస్తే ‘కి’ అని నేర్చుకున్న పిల్లవాడికి ఇక్కడ పేరు వేరు, ధ్వని వేరు అని ఎవరో ఒకరు విప్పి చెప్పాలి. కొన్ని బడుల్లో అక్షరాల పేర్లకన్నా ముందు ధ్వనులు నేర్పే పద్ధతి వచ్చింది. అది గుణింతానికి దగ్గరి దారి. తెలుగు పిల్లలకు సహజంగా పట్టుబడేది అదే.

ఈ ముప్పై నలభై ఏళ్లలో మారింది మాట చివరి అచ్చు. పత్రికల్లో, దుకాణాల బోర్డుల మీద బస్, రోడ్, బ్యాంక్, కాలేజ్ అని పొల్లుతో రాయడం ఎక్కువైంది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన వయసువారి నోట పొల్లు తేలిగ్గానే పలుకుతుంది. ఆ మాట వాక్యంలో పడి విభక్తి చేరగానే మళ్లీ అచ్చు వచ్చి కూర్చుంటుంది. బోర్డు మీద ‘బస్’ అని చదివినవారే ‘బస్సులో వస్తున్నా’ అంటారు. ‘బ్యాంక్’ బోర్డు కింద నిలబడి ‘బ్యాంకుకు వచ్చా’ అంటారు. ‘కాలేజ్’ అని రాసుకున్నా ‘కాలేజీకి’ వెళతారు. బహువచనంలోనూ అంతే: బస్సులు, రోడ్లు, బ్యాంకులు, కాలేజీలు.